రెండు నోడ్ల క్లస్టర్‌పై శాప్ ఎస్/4హానా: ఏఎస్‌సీఎస్, ఈఆర్‌ఎస్ ఇన్‌స్టలేషన్‌కు ముందు ఏమేం చూసుకోవాలి?

బేసిస్_నెల్లూరు

అందరికీ నమస్తే. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో ఎస్/4హానా (శాప్ కంపెనీ వ్యాపార సాఫ్ట్‌వేర్) పెడతా ఉండాం. పట్టుబడులు జోరుగా ఉండే రోజుల్లో ప్లాంటులో గ్రేడింగ్, ప్యాకింగ్ రేయింబవళ్లు నడుస్తాయి. లాట్ నంబరు పడి లేబుల్ రాకపోతే పెట్టె కోల్డ్ స్టోరేజీలోకి పోదు. అందుకే సిస్టం ఆగకూడదని యాజమాన్యం గట్టిగా చెప్పింది.

మా దగ్గర ఉన్న సరంజామా ఇది. హానాకు (డేటాబేస్) రెండు ఫిజికల్ సర్వర్లు, ఒక్కోదానికి 512 జీబీ మెమరీ. అప్లికేషన్ వైపు రెండు ఈఎస్‌ఎక్స్ హోస్టులు, వాటి మీద నాలుగు వీఎంలు (వర్చువల్ మిషన్లు): రెండు క్లస్టర్‌కి (ఒక నోడ్, అంటే ఒక మిషన్, పడితే ఇంకోటి పని అందుకునే జత), ఒకటి పీఏఎస్‌కి (ప్రధాన అప్లికేషన్ సర్వర్), ఒకటి ఏఏఎస్‌కి (అదనపు అప్లికేషన్ సర్వర్). స్టోరేజ్ బాక్స్ ఒకటే ఉంది, అదే ఐస్కజీ (నెట్‌వర్క్ మీద డిస్క్), ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు) రెండూ ఇస్తుంది. ఓఎస్ సూసె లైనక్స్ ఫర్ శాప్ 15, క్లస్టర్ సాఫ్ట్‌వేర్ పేస్‌మేకర్. ఎస్‌ఐడీ (శాప్ సిస్టం పేరు) పీఆర్‌డీ.

తెలియాల్సినవి:

ఏఎస్‌సీఎస్ (మెసేజ్ సర్వర్, లాక్ టేబుల్ నడిపే భాగం), ఈఆర్‌ఎస్‌లను (ఆ లాక్ టేబుల్ కాపీ ఉంచేది) ఏ వరుసలో ఇన్‌స్టాల్ చేయాలి, ఏ ఫైల్‌సిస్టం ఎక్కడ ఉండాలి? స్టోనిత్‌కి (జవాబివ్వని నోడ్‌ను బలవంతంగా ఆపడం, ఫెన్సింగ్ అన్నా ఇదే) సర్వర్ల ఐపీఎంఐ (సర్వర్ మేనేజ్‌మెంట్ పోర్టు) వాడాలా, ఎస్‌బీడీ (షేర్డ్ డిస్క్ ద్వారా ఆపేది) వాడాలా? "బాగున్న సర్వర్ని మనమే ఎందుకు పడగొట్టాలి" అని పైవాళ్లు అడుగుతున్నారు, వాళ్లకి ఏం చెప్పాలి? చివరిది, ఒంగోల్లో ఇంకో ప్లాంటు ఉంది, ఒక నోడ్ నెల్లూరులో, ఒక నోడ్ ఒంగోల్లో పెడితే తుఫాను వచ్చినా ఇబ్బంది ఉండదని వాళ్ల ఆలోచన. ఇది కుదురుతుందా?

గుండ్లకమ్మ

బేసిస్_నెల్లూరు గారూ, మొదటి ప్రశ్న వరకు నేను చెప్తాను. మిగతావి మనవాళ్లు చెప్తారు.

ఎస్/4హానా 1809 నుంచి స్టాండలోన్ ఎన్‌క్యూ సర్వర్ (లాక్‌లు చూసే ప్రాసెస్) రెండో వెర్షన్ డీఫాల్ట్‌గా వస్తుంది. పాతదానికీ దీనికీ తేడా తెలియకుండా నెట్లో దొరికిన క్లస్టర్ కాన్ఫిగ్ కాపీ కొడితే దెబ్బ తింటారు. పాత వెర్షన్‌లో లాక్ టేబుల్ కాపీ ఈఆర్‌ఎస్ నడిచే నోడ్ షేర్డ్ మెమరీలో ఉండేది, కాబట్టి ఏఎస్‌సీఎస్ పడిపోతే సరిగ్గా ఆ నోడ్‌కే పోవాలి. అందుకోసం లొకేషన్ రూల్ ఒకటి రాసేవాళ్లం, మైగ్రేషన్ త్రెషోల్డ్ 1 (ఒక్కసారి పడినా వేరే నోడ్‌కి పో అని) పెట్టేవాళ్లం. కొత్త వెర్షన్‌లో ఏఎస్‌సీఎస్ ఏ నోడ్‌పై లేచినా నెట్‌వర్క్ మీదుగా ఈఆర్‌ఎస్ దగ్గర నుంచి లాక్ టేబుల్ తెచ్చుకుంటుంది. ఆ లొకేషన్ రూల్ మీకు అక్కర్లేదు. ఏఎస్‌సీఎస్, ఈఆర్‌ఎస్ గ్రూపుల మధ్య కొలొకేషన్ (రెండూ ఒకే నోడ్‌పై ఉండాలా వద్దా అన్న రూల్) మైనస్ 5000 మాత్రం ఉండాలి. మైనస్ ఇన్ఫినిటీ పెట్టొద్దు. ఒకే నోడ్ మిగిలినప్పుడు రెండూ పక్కపక్కన బతకగలగాలి, ఇన్ఫినిటీ పెడితే ఒకటి ఆగిపోతుంది.

ఇన్‌స్టలేషన్‌లో అన్నిటికన్నా ముందు పేర్లు తేల్చండి. ఏఎస్‌సీఎస్‌కి ఒక వర్చువల్ హోస్ట్‌నేమ్, ఈఆర్‌ఎస్‌కి ఇంకోటి, హానాకు మూడోది. మూడింటికీ వేరే ఐపీలు. ఏ హోస్ట్ పేరైనా 13 అక్షరాలు దాటకూడదు, చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప ఏమీ వద్దు (శాప్ నోట్ 611361). కంపెనీ పేరు, ఊరు పేరు, పాత్ర అన్నీ ఇరికిస్తే 13 ఇట్టే దాటిపోతుంది. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత దిద్దడం చాలా కష్టం. ప్రొఫైల్ ఫైళ్ల పేర్లలో, లోపలి పారామీటర్లలో, హానా యూజర్ స్టోర్‌లో, ఆర్‌ఎఫ్‌సీల్లో (సిస్టంల మధ్య కనెక్షన్లు) అంతటా ఆ పేరే పాతుకుపోతుంది. డీఎన్‌ఎస్‌లో పెట్టడంతో ఆగకుండా ప్రతి వీఎంలో హోస్ట్స్ ఫైల్లో కూడా రాయండి. డీఎన్‌ఎస్ సర్వర్ పడినప్పుడు క్లస్టర్ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

ఇన్‌స్టెన్స్ నంబర్లు: ఏఎస్‌సీఎస్ 00, ఈఆర్‌ఎస్ 10 అనుకోండి. రెండూ ఒకే నోడ్‌పై నడవాల్సిన రోజు వస్తుంది కాబట్టి నంబర్లు కలవకూడదు. మెసేజ్ సర్వర్ పోర్టు 3600, ఎన్‌క్యూ 3200 అవుతాయి. ఫైర్‌వాల్ వాళ్లకి ఇప్పుడే చెప్పేయండి.

ఫైల్‌సిస్టం విషయానికొస్తే, ఎస్‌ఎల్‌ఈఎస్ (సూసె లైనక్స్) 15లో సింపుల్ మౌంట్ పద్ధతి ఎంచుకోండి. /శాప్‌ఎంఎన్‌టీ, /యూఎస్‌ఆర్/శాప్/పీఆర్‌డీ రెండింటినీ ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి రెండు నోడ్లలోనూ శాశ్వతంగా మౌంట్ చేసి ఉంచుతాం. పాత పద్ధతిలోలా డిస్కును ఒక నోడ్ నుంచి దించి ఇంకో నోడ్‌కి ఎక్కించే పని క్లస్టర్‌కి ఉండదు. అన్‌మౌంట్ కాక ఫెయిలోవర్ (పని అవతలి నోడ్‌కి మారడం) మధ్యలో చిక్కుకుపోయే బెడద సగానికి సగం ఇక్కడే తీరిపోతుంది. దీనికి శాప్‌స్టార్ట్‌ఎస్‌ఆర్‌వీ రిసోర్స్ ఏజెంట్ల ప్యాకేజీ వేయాలి, అందులోని శాపింగ్, శాపాంగ్ సర్వీసులు రెండూ ఎనేబుల్ చేయాలి. ఇవి చేసే పని: సర్వర్ బూట్ అయ్యేటప్పుడు శాప్‌సర్వీసెస్ ఫైల్‌ను (లేపాల్సిన ఇన్‌స్టెన్స్‌ల జాబితా) కాసేపు కనిపించకుండా దాచడం. లేకపోతే శాప్‌ఇనిట్ తనంతట తాను ఇన్‌స్టెన్స్‌లను లేపేస్తుంది, క్లస్టర్‌కి తెలియకుండానే. పీఏఎస్, ఏఏఎస్ వీఎంల మీద /యూఎస్‌ఆర్/శాప్/పీఆర్‌డీ లోకల్‌గానే ఉండాలి, అక్కడ ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి వచ్చేవి /శాప్‌ఎంఎన్‌టీ, ట్రాన్స్ డైరెక్టరీ మాత్రమే.

ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోండి. ఏదో ఒక లైనక్స్ వీఎంలో ఎక్స్‌పోర్ట్ చేసి ఇస్తే అది పడ్డ క్షణం రెండు నోడ్లూ ఒకేసారి ఉరిపడతాయి, క్లస్టర్ పెట్టి ప్రయోజనం ఉండదు. మీ స్టోరేజ్ బాక్స్ రెండు కంట్రోలర్లతో ఎన్‌ఎఫ్‌ఎస్ ఇస్తుంటే సరిపోతుంది.

ఇక వరుస:

ముందు ఏఎస్‌సీఎస్ వర్చువల్ ఐపీని నోడ్ 1లో చేత్తోనే తగిలించండి. క్లస్టర్ ఇంకా లేదు కదా. ఎస్‌డబ్ల్యూపీఎంని (శాప్ ఇన్‌స్టాలర్) వర్చువల్ హోస్ట్‌నేమ్ ఆప్షన్‌తో నడిపించండి, బ్రౌజర్‌లో 4237 పోర్టు మీద తెరుచుకుంటుంది. హై అవైలబిలిటీ సిస్టం కింద ఏఎస్‌సీఎస్ ఎంచుకోండి. పీఆర్‌డీఏడీఎం (శాప్ ఓఎస్ యూజర్) యూఐడీ, శాప్‌సిస్ (దాని గ్రూపు) జీఐడీ ఎంత పెడుతున్నారో రాసిపెట్టుకుని అన్ని వీఎంల్లోనూ అవే ఇవ్వండి. ఒక్క చోట తేడా వచ్చినా ఎన్‌ఎఫ్‌ఎస్‌లో పర్మిషన్ ఎర్రర్లతో రోజంతా పోతుంది.

తర్వాత ఈఆర్‌ఎస్ ఐపీని నోడ్ 2లో తగిలించి, అక్కడ ఎస్‌డబ్ల్యూపీఎంతో ఈఆర్‌ఎస్. ఆ సమయానికి ఏఎస్‌సీఎస్ నోడ్ 1లో నడుస్తూ ఉండాలి. ఈఆర్‌ఎస్10 డైరెక్టరీలో సబ్‌ఫోల్డర్ సృష్టించలేకపోయానని ఇన్‌స్టాలర్ ఆగితే కంగారు వద్దు. ఆ ఫోల్డర్ ఓనర్‌ను పీఆర్‌డీఏడీఎంకి, గ్రూపును శాప్‌సిస్‌కి మార్చి రీట్రై కొడితే ముందుకు పోతుంది.

ఆ తర్వాత డేటాబేస్ లోడ్, హానా వర్చువల్ పేరుతో. ఆపైన పీఏఎస్, ఏఏఎస్.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. ఏఎస్‌సీఎస్ ప్రొఫైల్లో ఎన్‌క్యూ సర్వర్ లైన్ "రీస్టార్ట్ ప్రోగ్రామ్" అని మొదలవుతుంది. దాన్ని "స్టార్ట్ ప్రోగ్రామ్" అని మార్చాలి. ఈఆర్‌ఎస్ ప్రొఫైల్లో రెప్లికేటర్ లైన్‌కీ అంతే. మార్చకపోతే ఎన్‌క్యూ ప్రాసెస్ చచ్చిన వెంటనే శాప్ దాన్ని అక్కడికక్కడే తిరిగి లేపుతుంది. క్లస్టర్ మానిటర్‌కి అసలు ఏదో జరిగిందనే తెలియదు. ఒకే ప్రాసెస్ మీద ఇద్దరు యజమానులు ఉండకూడదు, ఈ విషయంలో క్లస్టరే యజమాని. ఈఆర్‌ఎస్ ప్రొఫైల్లో ఆటోస్టార్ట్ లైన్ ఉంటే తీసేయండి.

రెండు ప్రొఫైళ్లలోనూ హెచ్‌ఏ లైబ్రరీ, సూసె క్లస్టర్ కనెక్టర్ పాత్ రాసి, పీఆర్‌డీఏడీఎంని రెండు నోడ్లలోనూ హెచ్‌ఏక్లయింట్ గ్రూపులో చేర్చండి. ఇది లేకుండా ఎవరైనా శాప్ కమాండ్‌తో ఏఎస్‌సీఎస్‌ను మామూలుగా ఆపితే, క్లస్టర్ దాన్ని వైఫల్యంగా లెక్కేసి మళ్లీ లేపుతుంది. కనెక్టర్ ఉంటే, "ఇది మనిషి చేసిన పని" అని దానికి అర్థమవుతుంది.

శాప్‌సర్వీసెస్ ఫైల్ ప్రతి నోడ్‌లో లోకల్‌గా ఉంటుంది. నోడ్ 1లో ఏఎస్‌సీఎస్ లైనే, నోడ్ 2లో ఈఆర్‌ఎస్ లైనే ఉంటాయి. రెండు నోడ్లలోనూ రెండు లైన్లూ ఉండేలా చేయండి. శాప్ కెర్నెల్ 788 నుంచి సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) యూనిట్లుగా రిజిస్టర్ అవుతాయి కాబట్టి ఒక నోడ్‌లో పాత పద్ధతి, ఇంకో నోడ్‌లో సిస్టమ్‌డీ ఉండకుండా చూడండి. యూనిట్లు బూట్‌లో తమంతట తాము లేవకుండా డిసేబుల్ చేసి ఉంచాలి.

వేదాయపాళెం_లైనక్స్

గుండ్లకమ్మ గారు చెప్పిందంతా సరే. నేను స్టోనిత్, కరెంటు సంగతి చెప్తా, మన వైపు క్లస్టర్లు ఎక్కువగా పడిపోయేది వీటి దగ్గరే.

పైవాళ్లకి ఇలా చెప్పండి. రెండు నోడ్ల మధ్య హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని పంపే సంకేతం) తెగితే, అవతలి నోడ్ చచ్చిందా, కేబుల్ ఊడిందా అన్నది ఇవతలి నోడ్‌కి తెలిసే మార్గం లేదు. తెలియకుండానే ఏఎస్‌సీఎస్‌ను ఇక్కడా లేపితే, రెండు లాక్ టేబుళ్లు నడుస్తాయి. ఒకే లాట్‌ను ఇద్దరు యూజర్లు ఒకేసారి మార్చేస్తారు, ఇద్దరికీ "సేవ్ అయింది" అనే వస్తుంది. హానా విషయంలో ఇంకా ఘోరం: రెండు ప్రైమరీలు, రెండింట్లో వేర్వేరు ఇన్‌వాయిస్‌లు, వాటిని కలిపే దారి ఉండదు. కాబట్టి అవతలి నోడ్ కచ్చితంగా ఆగింది అని తేలాకే ఇవతలిది చేతిలోకి తీసుకోవాలి. ఆ తేల్చే పనే స్టోనిత్. స్టోనిత్ లేని శాప్ క్లస్టర్‌కి సూసె సపోర్ట్ కూడా ఇవ్వదు.

ఏఎస్‌సీఎస్ నోడ్లు వీఎంలు కాబట్టి ఐపీఎంఐ మర్చిపోండి. అది ఈఎస్‌ఎక్స్ హోస్ట్‌నే ఆపేస్తుంది, దాంతో పాటు పీఏఎస్ కూడా పోతుంది. హానా ఫిజికల్ సర్వర్లకైతే ఐపీఎంఐ పనిచేస్తుంది గానీ ఒక లోటు ఉంది. సర్వర్‌కి కరెంటు పూర్తిగా పోతే మేనేజ్‌మెంట్ పోర్టుకీ పోతుంది. అప్పుడు ఫెన్సింగ్ కమాండ్‌కి జవాబు రాదు, "ఆగింది" అని నిర్ధారణ కాదు, బతికున్న నోడ్ ఏమీ చేయకుండా నిలబడిపోతుంది. అందుకే రెండు చోట్లా ఎస్‌బీడీ పెట్టమంటాను.

వీఎం లోపల్నుంచే ఐస్కజీతో స్టోరేజ్‌లోని చిన్న లన్‌లు (డిస్క్ భాగాలు) తగిలించుకోండి, 10 ఎంబీ ఉన్నా చాలు. పరికరం పేరు ఎప్పుడూ డిస్క్ బై ఐడీ పాత్‌తోనే ఇవ్వండి, రీబూట్‌లో మారిపోయే పేరు వాడొద్దు. వాచ్‌డాగ్‌కి (నోడ్ బిగుసుకుపోతే రీబూట్ చేసే టైమర్) వీఎంల్లో సాఫ్ట్‌డాగ్, ఫిజికల్ సర్వర్లలో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్. సర్వర్ తయారీదారు మానిటరింగ్ ఏజెంట్ ఆ వాచ్‌డాగ్‌ను ముందే పట్టుకుని ఉంటే ఎస్‌బీడీ లేవదు, దాన్ని ఆపాలి.

టైమౌట్లు: ఎంఎస్‌జీవెయిట్ (అవతలి నోడ్ ఆగిందనుకోడానికి ఇచ్చే గడువు) ఎప్పుడూ వాచ్‌డాగ్ టైమౌట్‌కి రెట్టింపు. స్టోనిత్ టైమౌట్ ఎంఎస్‌జీవెయిట్ కన్నా కనీసం 20 శాతం ఎక్కువ. మల్టీపాత్ (స్టోరేజ్‌కి ఒకటి కన్నా ఎక్కువ దారులు) ఉంటే వాచ్‌డాగ్ టైమౌట్ పాత్ మారే సమయం కన్నా ఎక్కువ ఉండాలి, కాబట్టి 60, 120, 150 సెకన్లు పెడతారు. కానీ ఎస్‌బీడీలో బతికున్న నోడ్ ఎంఎస్‌జీవెయిట్ పూర్తయ్యేదాకా ఆగుతుంది. అంటే ఫెయిలోవర్ మొదలవడానికే రెండు నిమిషాలు. ప్యాకింగ్ లైన్‌లో రెండు నిమిషాలు పెద్ద విషయం కాదనుకుంటే ఇదే ఉంచండి. కాదంటే మల్టీపాత్ లేకుండా మూడు ఎస్‌బీడీ డిస్కులు, ఒక్కోటి వేరే బాక్స్ నుంచి, వాచ్‌డాగ్ 15, ఎంఎస్‌జీవెయిట్ 30. మూడింట్లో ఒకటి పోయినా పనవుతుంది. ఒంగోలు ప్లాంటులో ఒక చిన్న లైనక్స్ మిషన్ ఐస్కజీ టార్గెట్‌గా పెడితే మూడో డిస్క్ అక్కడి నుంచి వస్తుంది. ఒంగోలుకి నా దృష్టిలో సరైన పాత్ర ఇదే.

ఒక సున్నితమైన సంగతి. ఫెన్స్ అయిన వీఎం అర నిమిషంలో బూట్ అయిపోతుంది, అవతలి నోడ్ ఇంకా 120 సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది. చచ్చిందనుకున్న నోడ్ మధ్యలో వచ్చి క్లస్టర్‌లో కలవబోతే గందరగోళం. ఎస్‌బీడీ కాన్ఫిగ్‌లో డిలే స్టార్ట్‌కి ఎస్ పెట్టండి. అప్పుడు ఎస్‌బీడీ సర్వీస్ లేవడానికి 90 సెకన్లు దాటుతుంది, సిస్టమ్‌డీ దాన్ని ఫెయిల్ అని కొట్టేస్తుంది. కాబట్టి సర్వీస్ స్టార్ట్ టైమౌట్ కూడా పెంచాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోతే నోడ్ ఎప్పటికీ క్లస్టర్‌లోకి రాదు.

రెండు నోడ్లూ ఒకేసారి ఒకదాన్నొకటి కాల్చుకోకుండా స్టోనిత్ రిసోర్స్‌కి గరిష్ఠ డిలే 30 సెకన్లు పెట్టండి. ఇంకా మంచిది, ఏఎస్‌సీఎస్‌కి ప్రయారిటీ ఇచ్చి ప్రయారిటీ ఫెన్సింగ్ డిలే వాడితే ఏఎస్‌సీఎస్ నడుస్తున్న నోడే గెలుస్తుంది.

ఇప్పుడు కరెంటు. ప్రతి సర్వర్‌కి రెండు పవర్ సప్లైలు ఉంటాయి, ఒకటి యూపీఎస్ ఏకి, ఒకటి యూపీఎస్ బీకి. ఇంతవరకు అందరూ చేస్తారు. సర్వర్ రూమ్‌కి పోయి నెట్‌వర్క్ స్విచ్ ప్లగ్ ఎక్కడ పెట్టారో మీ కళ్లతో చూడండి. ర్యాక్ వెనకాల గోడ సాకెట్‌కి, యూపీఎస్ లేని లైన్‌కి తగిలించి ఉండటం మామూలే. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు సర్వర్లు బతికే ఉంటాయి, స్విచ్ మాత్రం ఆగి మళ్లీ బూట్ అవుతుంది. హార్ట్‌బీట్ పోతుంది, ఫెన్సింగ్ మొదలవుతుంది. కరెంటు పోయినప్పుడల్లా ఒక నోడ్ రీబూట్ అవుతోందంటే ముందు ఆ ప్లగ్ చూడాలి. అందుకే కోరోసింక్‌కి (హార్ట్‌బీట్ నడిపే భాగం) రెండు రింగులు ఉండాలి: ఒకటి స్విచ్ ద్వారా, రెండోది రెండు ఈఎస్‌ఎక్స్ హోస్టుల మధ్య నేరుగా వేసిన కేబుల్ మీద. హానా సర్వర్లకి కూడా అంతే.

కావలి_హానా

ఒంగోలు నోడ్ గురించి. నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు కిలోమీటరుకి దాదాపు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. పోయి రావడానికే 1.2 మిల్లీసెకన్లు, అదీ కేబుల్ తిన్నగా ఉంటే. కేబుల్ దారి వంకర్లు తిరుగుతుంది, మధ్యలో పరికరాలు ఉంటాయి, ఇంకా పెరుగుతుంది. అప్లికేషన్ సర్వర్‌కీ డేటాబేస్‌కీ మధ్య 0.7 మిల్లీసెకన్లు దాటితేనే శాప్ బాగోలేదంటుంది. నైపింగ్ టూల్‌తో కొలిచి చూడండి. ఒక్క ఎంఆర్‌పీ (సరుకు అవసరాల లెక్క) రన్‌లో లక్షల ఎస్‌క్యూఎల్ కాల్స్ ఉంటాయి, ప్రతి కాల్‌కీ ఈ దూరం కట్టుకోవాల్సిందే. సింక్ మోడ్‌లో రెప్లికేషన్ పెడితే ప్రతి కమిట్ ఒంగోలు నుంచి జవాబు వచ్చేదాకా ఆగుతుంది. పైగా రెండు కంపెనీల లైన్లు తీసుకున్నా, హైవే పక్కన రెండూ ఒకే కందకంలో ఉండొచ్చు. జేసీబీ ఒకటి తవ్వితే రెండూ తెగుతాయి.

కాబట్టి క్లస్టర్ రెండు నోడ్లూ నెల్లూరులోనే ఉండాలి. వీలైతే ఒకే ఆవరణలో రెండు వేర్వేరు గదుల్లో పెట్టండి. ఒంగోల్లో మూడో హానా, అసింక్ మోడ్‌లో (జవాబు కోసం ఆగకుండా), క్లస్టర్‌కి సంబంధం లేకుండా. తుఫాను వచ్చి నెల్లూరు మొత్తం పోతే మనిషి నిర్ణయం తీసుకుని చేత్తో టేకోవర్ చేస్తాడు. అది ఆటోమేటిక్‌గా జరగకపోవడమే మంచిది.

ఒక జాగ్రత్త: లాగ్‌రీప్లే మోడ్‌లో (వచ్చిన లాగ్‌ను సెకండరీ వెంటవెంటనే అమలు చేసే పద్ధతి) ఒంగోలు లైన్ తెగితే, అక్కడికి పంపాల్సిన లాగ్ సెగ్మెంట్లను ప్రైమరీ దాచి పెట్టుకుంటూ పోతుంది. ఎంతవరకు దాచాలన్న పరిమితి డీఫాల్ట్‌గా 1 టీబీ. మీ సర్వర్ 512 జీబీ, లాగ్ వాల్యూమ్ బహుశా 256 జీబీ ఉంటుంది. పరిమితి వాల్యూమ్ కన్నా పెద్దది! దాన్ని వాల్యూమ్‌లో సురక్షితంగా పట్టేంతకి తగ్గించండి, నిండే శాతానికి అలర్ట్ పెట్టండి. పరిమితి దాటాక ఒంగోలుకి డేటా మొత్తం మళ్లీ పంపాల్సి రావచ్చు, అయినా ప్రైమరీ ఆగడం కన్నా అది నయం.

నెల్లూరులోని రెండు హానాల మధ్య: ముందు సిస్టమ్‌డీబీకీ (హానా నిర్వహణ డేటాబేస్), టెనెంట్‌కీ (శాప్ డేటా ఉండేది) ఫుల్ బ్యాకప్ తీయాలి, లేకపోతే రెప్లికేషన్ ఎనేబుల్ కాదు. టెనెంట్‌ది తీసి సిస్టమ్‌డీబీది మరిచిపోవడం ఎక్కువ. తర్వాత ప్రైమరీ నుంచి ఎస్‌ఎస్‌ఎఫ్‌ఎస్ (రహస్య కీలు దాచే చోటు) డేటా, కీ ఫైళ్లు రెండూ సెకండరీకి కాపీ చేసి, అప్పుడు రిజిస్టర్ చేయండి. సింక్ మోడ్, లాగ్‌రీప్లే. సెకండరీ జవాబు ఇవ్వకపోతే ప్రైమరీ 30 సెకన్లు ఆగి తర్వాత ఒంటరిగా ముందుకు పోతుంది. ఆ క్షణం నుంచి సెకండరీ వెనకబడినట్టే. అందుకే శాప్‌హానాఎస్‌ఆర్ హుక్ తప్పనిసరి. కనెక్షన్ తెగిందని హానానే క్లస్టర్‌కి చెప్తుంది, అట్రిబ్యూట్ ఎస్‌ఓకే నుంచి ఎస్‌ఫెయిల్‌కి మారుతుంది, వెనకబడ్డ సెకండరీ మీదికి టేకోవర్ జరగదు. హుక్ పనిచేయాలంటే హానా ఏడీఎం యూజర్‌కి క్లస్టర్ అట్రిబ్యూట్ మార్చే సుడో అనుమతి రెండు నోడ్లలోనూ ఉండాలి. ఒక నోడ్‌లోనే రాస్తే ఫెయిలోవర్ అయిన తర్వాత హుక్ మౌనంగా పడి ఉంటుంది, ఎవరికీ తెలియదు.

క్లస్టర్ పారామీటర్లు: ప్రిఫర్ సైట్ టేకోవర్ (ప్రైమరీ పడితే సెకండరీకి మారడం) ట్రూ. ఆటోమేటెడ్ రిజిస్టర్ (పాత ప్రైమరీ తనంతట సెకండరీగా చేరడం) మొదట ఫాల్స్, పరీక్షలన్నీ అయ్యాక కావాలంటే ట్రూ. డూప్లికేట్ ప్రైమరీ టైమౌట్ 7200 సెకన్లే ఉంచండి. ఇది టైమ్‌స్టాంపులు పోల్చి పనిచేస్తుంది, క్రోనీ (గడియారం సరిచేసే సర్వీస్) రెండు నోడ్లలోనూ ఒకే సోర్స్ నుంచి సమయం తీసుకోవాలి.

అప్లికేషన్ సర్వర్లలో హానా యూజర్ స్టోర్ డీఫాల్ట్ కీ వర్చువల్ పేరు మీదే ఉందా అని చూసి, ఆర్3ట్రాన్స్ కనెక్షన్ టెస్ట్ నడపండి. 0000 రావాలి. నోడ్ అసలు పేరు ఉన్నా అది 0000 ఇస్తుంది, అందుకే టేకోవర్ తర్వాత కూడా మళ్లీ నడపాలి.

బేసిస్_నెల్లూరు

అన్నలూ, చాలా థ్యాంక్స్. ఒంగోలు నోడ్ ఆలోచన మానుకున్నారు, అక్కడ ఐస్కజీ మిషన్ ఒకటి పెట్టినాం. స్విచ్ ప్లగ్ కూడా యూపీఎస్ మీదికి మార్చినాం. ఇన్‌స్టలేషన్ అయిపోయింది, హెచ్‌ఏ చెక్ కాన్ఫిగ్ అన్నీ సక్సెస్ అంటా ఉంది.

మూడు చిక్కులు మిగిలినాయి. ఏఎస్‌సీఎస్‌ను కమాండ్‌తో నోడ్ 2కి జరిపినాం, బాగానే పోయింది. తర్వాత నోడ్ 2లో ఎన్‌క్యూ ప్రాసెస్‌ను చంపితే నోడ్ 1కి రావట్లేదు, నోడ్ 2లోనే మళ్లీ లేస్తా ఉంది. రెండోది, అర్ధరాత్రి దాటాక నోడ్ 2 ఫెన్స్ అవుతా ఉంది, లాగ్‌లో కోరోసింక్ టోకెన్ పోయిందని ఉంది, కరెంటు మాత్రం పోలేదు. మూడోది, నోడ్ 2 మీద ఏఎస్‌సీఎస్ ఉన్నప్పుడు కొంతమందికి లైసెన్స్ సమస్య అని లాగిన్ ఆగుతా ఉంది.

గుండ్లకమ్మ

మొదటిది: చేత్తో జరిపినప్పుడు క్లస్టర్ సీఎల్‌ఐ ప్రిఫర్ అనే కన్‌స్ట్రెయింట్ రాసిపెడుతుంది, స్కోరు ఇన్ఫినిటీ. నోడ్ 2 బతికున్నంత కాలం ఏఎస్‌సీఎస్ అక్కడే ఉండాలన్న ఆదేశం అది. కాన్ఫిగ్ తెరిచి చూస్తే కనిపిస్తుంది. రిసోర్స్ క్లియర్ కమాండ్ ఇస్తే పోతుంది. చేత్తో జరిపిన ప్రతిసారీ క్లియర్ చేయడం పనిలో భాగంగా పెట్టుకోండి. అది తీసేశాక కూడా ఎన్‌క్యూ రెండో వెర్షన్‌లో అక్కడే మళ్లీ లేవడం తప్పు కాదు, ఈఆర్‌ఎస్ నుంచి లాక్‌లు నెట్‌వర్క్ మీద వస్తాయి. మీరు చూడాల్సింది ఎక్కడ లేచిందన్నది కాదు, లాక్‌లు ఉన్నాయా అన్నదే. ఎవరైనా ఒక సేల్స్ ఆర్డర్‌ను ఛేంజ్ మోడ్‌లో తెరిచి ఉంచమనండి, ఎస్‌ఎం12లో (లాక్‌ల జాబితా) ఎంట్రీలు లెక్కపెట్టి, చంపండి, లేచాక మళ్లీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ప్రొడక్షన్‌కి పోవద్దు.

మూడోది: శాప్ లైసెన్స్ మెసేజ్ సర్వర్ నడిచే మిషన్ హార్డ్‌వేర్ కీకి కట్టుబడి ఉంటుంది. రెండు నోడ్లకి రెండు వేర్వేరు కీలు. ఏఎస్‌సీఎస్ నోడ్ 2లో ఉండగా అక్కడి కీ తీసుకుని, దానికీ లైసెన్స్ తెప్పించి, ఎస్‌లైసెన్స్‌లో రెండూ ఎక్కించండి. వర్చువల్ హోస్ట్‌నేమ్ ఒకటే కాబట్టి కీ కూడా ఒకటే అనుకుంటారు, కాదు.

వేదాయపాళెం_లైనక్స్

రెండో చిక్కు దాదాపు కచ్చితంగా వీఎం బ్యాకప్. స్నాప్‌షాట్ తీసేటప్పుడు, ముఖ్యంగా చివర్లో దాన్ని తొలగించేటప్పుడు, వీఎం కొన్ని సెకన్లు గడ్డకట్టినట్టు ఆగుతుంది. ఎస్‌ఎల్‌ఈఎస్ కాన్ఫిగ్‌లో కోరోసింక్ టోకెన్ గడువు సాధారణంగా 5000 మిల్లీసెకన్లు, ఆ ఆగడం దాన్ని దాటితే అవతలి నోడ్‌కి ఇది చచ్చినట్టే. బ్యాకప్ జాబ్ లాగ్‌లో స్నాప్‌షాట్ రిమూవ్ టైమ్, కోరోసింక్ లాగ్‌లో టోకెన్ పోయిన టైమ్ పక్కపక్కన పెట్టి చూడండి, తేలిపోతుంది.

టోకెన్‌ను 30 సెకన్లకి పెంచితే ఫెన్సింగ్ ఆగొచ్చు, కానీ నిజంగా నోడ్ పోయినప్పుడు కూడా ఆ 30 సెకన్లు అదనంగా పడతాయి. క్లస్టర్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి స్నాప్‌షాట్ తీద్దామనుకోవద్దు. ఆ మోడ్ రిసోర్స్‌ల జోలికి పోకుండా ఆపుతుందంతే, నోడ్ కనిపించకపోవడాన్ని పట్టించుకోకుండా ఉండదు. ఈ రెండు వీఎంలను స్నాప్‌షాట్ జాబ్ నుంచి తీసేసి, లోపల ఏజెంట్‌తో ఫైల్ స్థాయి బ్యాకప్ పెట్టండి. శాప్ ఫైళ్లు ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్నాయి, వాటి బ్యాకప్ స్టోరేజ్ వైపు నుంచే జరుగుతుంది. వీఎంలో ఉండేది ఓఎస్, క్లస్టర్ కాన్ఫిగ్ మాత్రమే. అలాగే రెండు వీఎంలూ ఒకే ఈఎస్‌ఎక్స్ హోస్ట్ మీదికి చేరకుండా యాంటీ అఫినిటీ రూల్ పెట్టండి. ఆటోమేటిక్ వీమోషన్ (నడుస్తున్న వీఎంని వేరే హోస్ట్‌కి జరపడం) కూడా ఈ రెండింటికీ ఆపేయండి, అది కూడా చివర్లో ఒక్క క్షణం వీఎంని ఆపే పనే.

పరీక్షల్లో ప్రాసెస్ చంపడంతో ఆగొద్దు. కెర్నెల్ నుంచి సిస్‌ఆర్‌క్యూతో తక్షణ రీబూట్, వీఎంని పవర్ ఆఫ్, రెండు రింగుల కేబుళ్లూ ఒకేసారి పీకడం, ఒక నోడ్‌కి మాత్రమే ఎన్‌ఎఫ్‌ఎస్ బ్లాక్ చేయడం, ఈ నాలుగూ చేయాలి. కేబుల్ పీకినప్పుడు ఏ నోడ్ మిగిలిందో చూడండి, ఏఎస్‌సీఎస్ ఉన్నదే మిగలాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ పరీక్షే నిజంగా బయటపెడుతుంది: మౌంట్ ఉరిపడితే మానిటర్ టైమౌట్ అవుతుంది, స్టాప్ కూడా ఫెయిల్ అవుతుంది, స్టాప్ ఫెయిల్ అయితే ఆ నోడ్ ఫెన్స్ కావాలి. కాకుండా అలాగే నిలబడిపోతే స్టాప్ ఆపరేషన్‌లో ఆన్ ఫెయిల్ ఏముందో చూడండి.

కావలి_హానా

యూజర్ల వైపు ఒకటి మిగిలింది. శాప్ లాగాన్‌లో పీఏఎస్ పేరు నేరుగా ఇచ్చి ఉంటే మార్చండి. మెసేజ్ సర్వర్‌గా ఏఎస్‌సీఎస్ వర్చువల్ పేరు, ఎస్‌ఎంఎల్‌జీలో చేసిన లాగాన్ గ్రూపు ఇవ్వాలి. ప్రతి పీసీలో విండోస్ సర్వీసెస్ ఫైల్లో శాప్‌ఎంఎస్‌పీఆర్‌డీ 3600 లైన్ ఉండాలి, ఆ లైన్ తర్వాత ఎంటర్ కొట్టి ఉండాలి, చివరి లైన్ ఎంటర్ లేకుండా ముగిస్తే చదవదు. లేబుల్ ప్రింట్ చేసే ఆర్‌ఎఫ్‌సీ కూడా అదే గ్రూపుకి మార్చండి. బ్యాక్‌గ్రౌండ్ జాబులు ఏ సర్వర్‌కీ కట్టేయకుండా ఎస్‌ఎం61లో జాబ్ సర్వర్ గ్రూపుకి ఇవ్వండి.

పీఏఎస్ వీఎం పడితే అందులో ఉన్న యూజర్ల సెషన్లు పోతాయి, ఏ క్లస్టరూ వాటిని కాపాడదు. వాళ్లు మళ్లీ లాగిన్ అయితే ఏఏఎస్‌లోకి పోతారు. ఈ మాట ప్యాకింగ్ హాల్ సూపర్‌వైజర్లకి గో లైవ్‌కి ముందే చెప్పండి. సేవ్ కాని లాట్‌ను మళ్లీ కొట్టాలని వాళ్లకి తెలిసి ఉండాలి.